అన్న కొలతకు ఎంచిన పలక

ఏడుమెట్ల కొండ మీద ధూళికేశుడి కోట తలుపులు తెరుచుకునేసరికి పొద్దు బారెడెక్కింది. లోపలికి నడిచినవాడు పట్టుబట్టలు కట్టుకున్నాడు. మెడలో ముత్యాల పేట, తల మీద కెంపులు పొదిగిన పాగా. ద్వారం దగ్గర కాపలా ఉన్న రాతి ఏనుగు తొండం అడ్డం పెట్టగానే, "మేఘవతీపురం యువరాజు జయశేఖరుణ్ణి. మీ ప్రభువుతో ఆటకు వచ్చాను" అన్నాడు గడ్డం పైకెత్తి. రాతి ఏనుగు తొండం తీసి దారి ఇచ్చింది. ఆ ముత్యాలు అద్దెవనీ, ఆ పట్టుబట్టల్లో చెమటలు కక్కుతున్నవాడు తామ్రవనం రాజ్యంలో పలకలు చెక్కుకుని బతికే కాచన అనీ దానికేం తెలుసు.

మీరూ నేనూ బ్యాటు అనేదాన్ని తామ్రవనంలో పలక అంటారు. బంతి వాళ్ళకు చెండు. వెనక పాతిన కర్ర గుంజ. ఆ దేశాల్లో పొలిమేర తగవు వచ్చినా, ఏటి నీళ్ళ దగ్గర పేచీ వచ్చినా కత్తులు దూయరు. ఒకడు చెండు విసురుతాడు, ఇంకొకడు పలక పట్టి గుంజను కాస్తాడు. కాసేవాణ్ణి కాపరి అంటారు. కాచన అన్న బయ్యన తామ్రవనానికి ఆస్థాన కాపరి, ఆరడుగుల మనిషి, గుమ్మాలన్నీ తల వంచుకుని దాటేవాడు.

ఆరు నెలల కింద ధూళికేశుడనే మాంత్రికుడు బయ్యనను ఆటకు పిలిచాడు. బయ్యన కొత్త పలక కావాలన్నాడు. కొత్త పలకకు అవిసె నూనె పట్టించి, కొయ్యసుత్తితో పదిహేను రోజులు మెల్లమెల్లగా కొడితేగాని చెక్క ముఖం గట్టిపడదు. కాచన కొట్టింది అయిదు రోజులే. ఇంకా పది రోజులు ఆగమన్నాడు. అన్న నవ్వి భుజాన వేసుకుపోయాడు. మూడో విసురుకు ఆ పలక నిలువునా చీలి చెండు గుంజను తాకింది. ఆ గుంజను పీకి పారేసి, దాని స్థానంలో బయ్యననే గుంజగా మార్చి నిలబెట్టాడు మాంత్రికుడు. అప్పటినుంచి కాచన కంటికి కునుకు లేదు. పలక చేసినవాడు తాను, చాలదని తెలిసీ చేతికిచ్చినవాడు తాను. అన్నను తెచ్చుకోవాల్సినవాడు మాత్రం ఇంకెవరు?

చిక్కేమిటంటే, ధూళికేశుడి కోటలోకి పలకలు చేసేవాళ్ళను అడుగు పెట్టనివ్వరు. అందుకే ఈ పాగా, ఈ ముత్యాలు, ఈ ఎత్తిన గడ్డం.

ధూళికేశుడు ఎదురొచ్చాడు. బక్కపలచటి మనిషి, జుట్టంతా ఎర్రమట్టి దుమ్ము. ఎన్నిసార్లు దులుపుకున్నా మళ్ళీ ఎక్కడినుంచో వచ్చి వాలుతుంది. కళ్ళలో మాత్రం పెళ్ళివారిని చూసిన ఇంటి పెద్ద సంబరం.

"దయచేయండి యువరాజా. షరతులు విన్నారు కదా? మళ్ళీ చెబుతాను, తరవాత మాట రాకూడదు. ఏడు విసుర్లు. ఒక్కొక్కటి కాచినప్పుడల్లా గుంజలోంచి మనిషి ఒక వంతు బయటికి వస్తాడు. ఏడూ కాస్తే మనిషి మొత్తం మీవాడు. చెండు తగిలిందా, గుంజ పిండి అయిపోతుంది, మనిషి పోతాడు. చెండు నా చేతికి తిరిగి వస్తేనే ఆ విసురు ముగిసినట్టు. పోగొట్టారంటే, అది తెచ్చేదాకా బుట్టలోంచి వేరేది తీసి విసురుతూనే ఉంటాను. కాపు ఎవరు కాసినా నాకు అభ్యంతరం లేదు. ఇక పలక నా శాలలోంచే ఎంచుకోవాలి. బయటినుంచి తెచ్చినవి రానివ్వను. ఆమధ్య ఒక పనికిమాలిన వడ్రంగి చేసిన పలక మూడో విసురుకే చీలి, మంచి ఆట కాస్తా పాడయింది."

కాచన చెవులు వేడెక్కాయి. "ఆ వడ్రంగికి బుద్ధి చెప్పేవాళ్ళు లేకపోయారు" అన్నాడు, మనసులో ఉన్న మాటే కనుక గొంతు తడబడలేదు.

పలకలశాల ఒక చూడదగ్గ వింత. వెండి కొక్కేలకు మూడు వందల పలకలు వేలాడుతున్నాయి. చందనపు పొగ వాటి మధ్యగా పాకి పైకప్పులోని పచ్చల దీపాలను చుట్టుకుంటోంది. నేల మీద పరిచిన నల్లరాయి అద్దమై ఆ పలకలన్నిటినీ తలకిందులుగా చూపిస్తోంది. ఒక పలకకు నెమలి ఈకల కుచ్చు, ఒకదానికి దంతపు పిడి, ఒకదాని వీపు మీద బంగారు రేకుతో చెక్కిన సింహాల వరుస. ఓడిపోయిన కాపరుల పలకలే అన్నీ. వేల ఏళ్ళు నిలిచే సొగసు వాటిది, వాటిని పట్టినవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు.

ధూళికేశుడు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎంచుకునే తీరును బట్టి మనిషిని పసిగట్టడం అతని సరదా. యువరాజు యువరాజులాగే ఎంచాలి. పలకను ముక్కు దగ్గర పెట్టుకుని చారలు లెక్కపెట్టినా, సుత్తి అడిగినా కథ అక్కడితో సరి.

కాచన బంగారు సింహాల పలక దగ్గర ఆగి, "మా తాతగారి మందిరంలో ఇటువంటివి ఉండేవి" అంటూ గోళ్ళతో దాని ముఖాన్ని నిమిరాడు. లక్క పూత కింద గోరు ఒకచోట తట్టుకుంది. ముడి. రంగేసి దాచిన ముడి. దాన్ని వదిలి పక్కనున్న నల్ల పలక తీశాడు. అంచులు మూడు వేళ్ళ మందాన ఉన్నాయి, ఎత్తితే పువ్వులా లేచింది. అంత లావు చెక్క అంత తేలిగ్గా ఉందంటే దాని రసమంతా ఎండగొట్టేశారన్నమాట. మొదటి దెబ్బ బాగా పోతుంది, రెండో దెబ్బకు పెచ్చులు లేస్తాయి. ఆవులిస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్నీ కొక్కేనికి తగిలించాడు.

మూలన, గోడకు జారగిలబడి, మాసిపోయిన ముసలి పలక ఒకటుంది. ముఖమంతా చెండు దెబ్బల మచ్చలు. పిడికి చుట్టిన తాడు ఊడిపోయింది. తెలివైనవాళ్ళు దాని దగ్గరికే పోతారని ధూళికేశుడికి తెలుసు. బంగారాన్ని కాదని పాతదాన్ని పట్టుకుంటే తామేదో లోతు చూసినట్టు. కాచన దాన్ని ఎత్తి, "ఛీ, దుమ్ము" అని విసుగ్గా కింద పడేశాడు. నల్లరాతి మీద అది ధప్పుమని తడిగుడ్డ చప్పుడు చేసింది. ఏళ్ళ తరబడి నూనె తాగి తాగి లోపల చచ్చిపోయిన చెక్క. మాంత్రికుడి మీసం కింద చిరునవ్వు కొంచెం తగ్గింది.

అలా యువరాజు పదకొండు పలకలు వద్దన్నాడు. నాలుగింటి మీద గడ్డం ఆనించి కునికిపాట్లు నటించి పొడుగు చూసుకున్నాడు. విసుగొచ్చినట్టు ఉంగరంతో టకటకలాడించి చప్పుడు విన్నాడు. చివరికి ఉత్తరపు గోడ దగ్గర ఏ నగిషీ లేని ఒక ఏటిపాల కొయ్య పలక చేతికొచ్చింది.

దాని ముఖం మీద ఎనిమిది చారలు, పిడి మొదలునుంచి అడుగుదాకా ఒక్కచోటా వంకర పోకుండా దిగాయి. ఉంగరం తగలగానే ఖంగుమంది. ఇక్కడి నేల ఎర్రమట్టి, చెండు మోకాలు దాటి లేవదు. దీని వీపున బలిమి, అంటే దెబ్బ తగిలినా చేతికి అదురు రాని లావుచోటు, సరిగ్గా మోకాలి కిందికే ఉంది. సుత్తి దెబ్బలు తిని తిని ముఖం పదునెక్కి ఉంది. పేము పిడి వంగీ వంగకుండా ఉంది. రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే కాచనకు దించాలనిపించలేదు. పన్నెండేళ్ళ పనిలో తాను ఇంతటి పలక ఒక్కటి చెయ్యలేదు.

"ఇది చాలు, పర్వాలేదు" అన్నాడు యువరాజు.

మాంత్రికుడు తల పంకించాడు. అతనికి అంత ఇష్టంగా లేదు.

ఆటస్థలం కొండ కొమ్మున ఉంది. చుట్టూ ఎర్రరాతి గోడ, గోడ అవతల పొగలోయ. ఆ లోయలోకి దిగినవాళ్ళ గొంతు పైకి వినపడుతుందిగాని మనుషులు పైకి రారని చెప్పుకుంటారు. స్థలం నడుమ ఆరడుగుల గుంజ. కాచన దాని వైపు సూటిగా చూడలేకపోయాడు. దాని ముందు వంగి నిలబడి, పలక అడుగును నేలకు ఆనించాడు.

ధూళికేశుడు జపమాల తీశాడు. విసురుకూ విసురుకూ మధ్య అతను నూటెనిమిది పూసలు తిప్పాలి, అప్పుడుగాని చెండుకు శక్తి ఎక్కదు. పూసలు అయ్యాయి. నాలుగడుగులు పరుగెత్తి విసిరాడు.

చెండు నేలబారుగా, పాము పాకినట్టు వచ్చింది. కాచన పలక దించాడు. దించాడు అనుకున్నాడు. చేతులు కదిలాయి, పలక వెనకబడింది. ఆఖరి క్షణంలో అంచుకు గీరుకుని చెండు పాదాల మధ్య ఆగింది. మణికట్లు జిల్లుమన్నాయి. దాన్ని తీసి మాంత్రికుడి వైపు దొర్లించాడు. వెనక గుంజలో రెండు ముడులు తెరుచుకుని కళ్ళయ్యాయి.

రెండో చెండు మంత్రబలంతో ఛాతీ ఎత్తున లేచింది. పలక మళ్ళీ ఆలస్యం. ఈసారి చెండు పిడికి తగిలి, కాచన బొటనవేలు గోరును నల్లబరిచి, ఎలాగో కింద పడింది. గుంజకు నోరు వచ్చింది.

చెండు దొర్లించి వచ్చి కాచన పలకను చూశాడు. ఏ లోపమూ లేదు. పిడి పొడుగు, భుజాల వెడల్పు, అడుగున బరువు, అన్నీ కుదిరినట్టున్నాయి. ఎవరికి? పక్కన నేల మీద నిలబెట్టి చూస్తే పిడి తన బొడ్డు దాటి వస్తోంది. ఆరడుగుల మనిషికైతే అది నడుము దగ్గర ఆగేది. పన్నెండేళ్ళుగా ఏ పలక చేతబట్టినా అతని కంటి ముందు నిలబడే మనిషి ఒక్కడే. ఇవాళ మూడు వందల పలకల్లోంచి, కళ్ళు తెరిచే, వెతికి వెతికి అన్నకు సరిపోయే పలక తెచ్చుకున్నాడు. అన్న ప్రాణం కాయడానికి, గుంజగా మారిన ఆ అన్న మాత్రమే పట్టగల పలకను.

మూడో విసురు కాయడం తనవల్ల కాదని అతనికి తెలిసిపోయింది. మాంత్రికుడు కళ్ళు మూసుకుని, ఏ చప్పుడూ చెవినపడని జపంలో పూసలు మొదలుపెట్టాడు. కాచన పాగా విప్పి, మడతల్లో దాచుకున్న చిన్న ఉలి తీశాడు. అంత మంచి కొయ్య మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. కళ్ళు గట్టిగా మూసి తెరిచి, అడుగున రెండు వేళ్ళ మందం తెగ్గొట్టాడు.

"ఒరేయ్ కాచా." గుంజ మాట్లాడింది. బయ్యన గొంతే. "నువ్వేనట్రా? ఆ ముత్యాలేంది? అంత మంచి పలకను అట్టా నరుకుతున్నావేంది? దాన్ని చూస్తేనే నాకు నోరూరతా ఉంది."

"అందుకే అన్నా. ఇది నీ పలక. నా చేతికి రాటంలా."

"మరి నీ చేతికి వచ్చేది తీసుకోవాల్సింది గదా."

"నా కొలత నాకు తెలవదన్నా. ఎప్పుడూ తీసుకోలా."

గుంజ కళ్ళు ఉలి వెంట తిరిగాయి. కాచన పలక భుజాలు దించుతున్నాడు. చేతికి దూరంగా ఉన్న పిడికెడు బరువు దగ్గరున్న దోసెడు బరువు కన్నా ఎక్కువ లాగుతుంది. ముందు దూరంది తీశాడు, తరవాత పక్కలు. బలిమి ఉన్న వీపును మాత్రం ముట్టుకోలేదు.

"చీలిన పలక సంగతి..." అన్నాడు తలెత్తకుండా. "ఇంకా పది రోజులు కొట్టాల్సింది. నీకు ఇయ్యకుండా ఉండాల్సింది."

"నేను లాక్కుపోయినాను గదరా."

"నువ్వు లాక్కుంటే నేను వదిలినా. నీ మాటకు అడ్డం చెప్పే అలవాటు లేక."

పూసలు ముగిశాయి. ధూళికేశుడు కళ్ళు తెరిచి నేల మీద చెక్కపొట్టు చూశాడు. అతని ముఖం పాలిపోయింది. "నూరేళ్ళుగా దాచుకున్న పలక అది" అన్నాడు, నిజంగా దెబ్బ తిన్న గొంతుతో. "నువ్వు యువరాజువు కాదు."

"కాను. ఆ పనికిమాలిన వడ్రంగిని."

"ముందే తెలిస్తే నిన్ను లోయలోకి తోయించేవాణ్ణి."

"ఆట మొదలైంది కదా స్వామీ. ఇక విసరండి."

మూడో చెండు మంటలు కక్కుతూ వచ్చింది. పలక ఈసారి వేళకు అందింది, కాస్త వంకరగా. చెండు చల్లారి పడింది. గుంజకు మెడ, భుజాలు వచ్చాయి. పూసలు తిరుగుతుంటే కాచన పిడిని పైన అంగుళం కోసి, పేమును తన పిడికిలికి సరిపడా సన్నగా గీరాడు. పైచేతితో ఒక్కదానితోనే ఎత్తి చూశాడు. ఇంకా అడుగు లాగుతోంది. మళ్ళీ గీరాడు. నాలుగో చెండు ఒకటి మూడయి వచ్చింది. రెంటికి నీడ లేదు. నీడ ఉన్నదాన్ని ఆపాడు. బయ్యనకు చేతులు వచ్చాయి, ఆరు నెలల తిమ్మిరి విదిలించుకున్నాడు. అయిదోది కనపడలేదు, దుమ్ములో గీత మాత్రం పరుగెత్తుకొచ్చింది. ఆ గీతకు అడ్డంగా పలక పడింది. ఛాతీ వచ్చింది. ఆరోది విసిరాక సగం దారిలో గాలిలో ఆగి, కాచన రెప్ప వాల్చేదాకా ఎదురుచూసి దూకింది. రెప్ప వాలింది, పలక వాలలేదు. బయ్యన మోకాళ్ళదాకా మనిషయ్యాడు. కింద మాత్రం ఇంకా కొయ్యే, మట్టిలో పాతుకుని ఉంది.

ప్రతిసారీ చెండును కాచన జాగ్రత్తగా దొర్లించి మాంత్రికుడి చేతికి చేర్చాడు. ప్రతిసారీ పలకను ఇంకాస్త గీరాడు. ఏడోసారి ఎత్తేసరికి గీరడానికి ఏమీ మిగల్లేదు. పలక లేచిందో చెయ్యే లేచిందో తెలియలేదు. ముప్పై ఏళ్ళ వయసులో మొదటిసారి అతని చేతిలో అతనికి సరిపోయే పలక ఉంది. అంత మంచి పలకను పాడుచేశానన్న బాధ ఎటు పోయిందో పోయింది. చెప్పలేనంత సంతోషం వేసింది.

ధూళికేశుడు ఒళ్ళంతా విల్లులా వంచి విసిరాడు. ఇంత జరిగాక అతను మాయలేవీ పెట్టలేదు. ఉత్త చెండు, ఉత్త వేగం. కాచన గుంజ దగ్గర కాచుకోలేదు. ఎడమ కాలు ముందుకు వేసి, చెండు లేచిన చోటికే వెళ్ళి కొట్టాడు.

చేతులకు ఏమీ తెలియలేదు. బలిమి మీద పడితే అంతే, అదురు ఉండదు, బరువు ఉండదు. ఖంగుమన్న చప్పుడు మాత్రం కొండంతా వినపడింది. చెండు పైకి లేచి, ధూళికేశుడి తల మీదుగా, ఎర్రగోడ మీదుగా దాటిపోయి పొగలోయలో పడింది.

కాచన నవ్వుతూ వెనక్కి తిరిగాడు. బయ్యన నవ్వటం లేదు. తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. అవి కొయ్యగానే ఉన్నాయి. ధూళికేశుడు ఖాళీ అరచెయ్యి చాచి చూపించాడు.

"చాలా గొప్ప దెబ్బ" అన్నాడు. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. "ఇటువంటిది నేనెప్పుడూ చూడలేదు. కానీ విసురు ముగియలేదు వడ్రంగీ." రెండో చెయ్యి పక్కనున్న బుట్టలోకి పోయింది. ఎడమ చేతిలో పూసలు కదలడం మొదలయ్యాయి.

చెండును మెల్లగా ఆపితే సరిపోయేది. దొర్లించి ఇస్తే అన్న ఈపాటికి నడిచేవాడు. పన్నెండేళ్ళు పలకలు చేసినవాడికి, తన పలకతో ఒక్కసారి కొట్టాలన్న ఆశ ఏ మూలన దాక్కుందో ఇప్పుడు బయటపడింది. లోయలోకి పోవాలి. తాను పోతే ఇక్కడ కాసేదెవరు?

"ఇటు ఇయ్యరా" అన్నాడు బయ్యన చెయ్యి చాచి.

"వద్దన్నా. ఇది నీకు సరిపోదు. పొద్దున ఇది అచ్చం నీదే, నేనే మొత్తం నరికేసినా. అడుగు అందదు, పిడి అందదు. నీ కాళ్ళు కదలవు."

"ఇయ్యమంటున్నానా."

కాచన పలకను వెంటనే వదల్లేదు. "ఈసారి అడ్డం చెబుతున్నా అన్నా. నిలబడి కొట్టబాకు. నడుము వంచు, నేల మీదికి వంచు. లేచే చెండును వదిలెయ్, పైనుంచి పోతది. నీ కొయ్య కాళ్ళ మీదికి తక్కువగా వచ్చేవే కాయి. నా మాట విను."

బయ్యన తమ్ముడి ముఖంలోకి చూశాడు. "వింటా. ఇన్నేళ్ళూ నా కొలతకి నువ్వు చెక్కినావు, ఇయాల నీ కొలతకి నేను వంగుతా. ఫో, తొందరగా తెచ్చేయ్."

ఆరడుగుల మనిషి వంగాడు. కాళ్ళు కదలకుండా, నడుము విరిగేలా, ఆ కురచ పలక అడుగు నేలకు ఆనేదాకా వంగాడు. కాచన ముత్యాలు తెంపి పారేసి గోడ వైపు పరుగెత్తాడు. వెనక పూసల చప్పుడు ఆగింది.

గోడ మీదికి ఎగబాకి, అవతలికి కాలు వేస్తుండగా పలకకు చెండు తగిలిన చప్పుడు వినిపించింది. ఖంగుమనలేదు. పిడికి దగ్గరగా, అంచున తగిలిన చప్పుడు. అన్న వేళ్ళు పగిలి ఉంటాయని కాచనకు చూడకుండానే తెలిసింది. తిరిగి చూడలేదు. చేతులు వదిలేసి పొగలోకి జారాడు.